వేడెక్కేదాకా

అసిరినాయుడు ఆర్కెస్ట్రా ఎత్తీసినప్పుడు
ఈ సింథసైజరుని గోనెసంచిలో చుట్టి
చీపురుపల్లిలో తూకానికి ఇచ్చీబోతే
అడ్డంపడి తెచ్చుకున్నాను.
మూడు మీటలు పలకవు.
ఒక బొత్తానికి తల లేదు, పెన్ను మూత తొడిగాను.

దీనికి జ్ఞాపకం ఉండదు.
నిన్న దొరికిన గొంతు ఇవాళ దొరకదు.
ఏ బొత్తాం ఎంత తిరిగిందో
పాత లెక్కల నోట్సులో గడియారం ముళ్ళలా గీసుకోవాలి.
గీసుకున్నా, చంపావతి మీంచి తేమగాలి కొడితే
అరస్వరం జారి కూచుంటుంది.
అరగంట వేడెక్కనీ, అప్పుడడుగు, అంటుంది.

మొన్న రాత్రి కరెంటొచ్చాక
ఒక్క మీట నొక్కిపట్టి
ఫిల్టరు మెల్లగా తెరుస్తుంటే
గదిలోంచి లేచింది
నెల్లిమర్ల మిల్లు సైరను.
నేను వెతకలేదు. అదే వచ్చింది.

గోడవతల తవిటమ్మ లైటేసింది.
ఇరవయ్యేళ్ళు గోగునార వడికిన మనిషి.
"ఏ షిఫ్టురా బాబూ?"
"ఏ షిఫ్టేనప్పా" అన్నాను, వేలు తియ్యకుండా.
"అయితే ఇంకా టైముంది" అని
లైటార్పీసి పడుకుంది.

ఆ గుర్తులు నోట్సులో గీసుకోలేదు.
తెల్లారేలోగా
బొత్తాలన్నీ తిప్పీసాను.