గార్డు: వచ్చే నెల

తాడిపత్రిలో ఓడ మునిగింది.
నవ్వొద్దు.
పెన్నలో పాదం తడవని మే నెలలో
మా బండల ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో
ఫ్యాను కింద, ఒక ఫోన్ కాల్‌లో మునిగింది.

పద్దెనిమిది కంటైనర్ల నాపరాళ్ళు.
రెండు పక్కలా పాలిష్ కొట్టి, గడ్డి చుట్టి
చెక్కపెట్టెలకు మేకులు దిగ్గొట్టి
నా చేత్తో నంబర్లు రాసి పంపినవి
కృష్ణపట్నం దాటిన ఆరో రోజు
అడుక్కి పోయినాయి.

గాలి లేదంట. వాన లేదంట.
సముద్రం పళ్ళెంలో నూనె మాదిరి ఉండిందంట.
ఇంజను గదిలో ఎవరో పిల్లోడు
వాల్వు తిప్పేది మరిచి
టీ తాగేకి పోయినాడంట.
నీళ్ళు పెండ్లికొచ్చిన చుట్టాల మాదిరి
నింపాదిగా, ఒకరెనక ఒకరు
లోపలికొచ్చినాయి.

సుంకిరెడ్డి రెండు దినాలు అన్నం ముట్టలేదు.
"మనిషి తప్పుకు ఇన్సూరెన్సోళ్ళు ఎందుకిస్తారప్పా?
తుపానైతే దేవుని మీదికి తోయొచ్చు,
టీ మీదికి ఎట్ల తోసేది?"

చెన్నై నుంచి వచ్చిన సర్వేయరు
మూతికి చేతిరుమాలు కట్టుకొని
మా రాతి దుమ్ములో తుమ్ముకుంటా చెప్పినాడు:
ఇస్తారు.
నిద్రపోయినా, మరిచినా, లెక్క తప్పినా
ఓడలో పనోళ్ళ అజాగ్రత్తకు పాలసీలో చోటుంది.
మనుషులన్నాక మరుస్తారని
సముద్రం మీద ఎప్పుడో ఒప్పుకున్నారు.
ఒక్కటే ప్రశ్న.
ఆ ఓడ పనికిరాదని
సరుకు ఎక్కించేటప్పుడు మీకు తెలుసా?

"తెల్దు" అన్నాడు సుంకిరెడ్డి.
నిజమే. ఓడ సంగతి మాకేం తెలుసు?
మేం చూసిన పెద్ద నీళ్ళు చాగల్లు డ్యామే.
నేను రాసినాను: తెలియదు.
రాసి, స్టాంపు కోసం సొరుగు లాగి
అట్లనే కూర్చున్నాను.

నాలుగేండ్ల కింద
ఇదే బల్ల మీద, పెన్ను వేరే గానీ ఇదే చేత్తో
కుళ్ళాయప్ప కాగితం రాసింది నేనే.
మూడో కటింగ్ మిషను. కుడిచేతి మూడు వేళ్ళు.
అప్పటికి పదకొండు గంటలుగా నిలబడున్నాడు.
"కార్మికుని స్వంత అజాగ్రత్త వలన."
ఎంత గుండ్రటి చేతిరాత నాది!
ఎనిమిది వేలు, ఒక బియ్యం మూట.
వేలిముద్రకు ఎడమచెయ్యి సరిపోయింది.

తెలుసా అని అప్పుడెవరూ అడగలేదు.
అడిగుంటే
బీరువాలో, ఆయిలు మరకల నోటుబుక్కులో
నా అక్షరాలే ఉండినాయి:
"మూడో మిషను, గార్డు ఊడింది."
నెల తర్వాత, "గార్డు: వచ్చే నెల."
ఇంకో నెల తర్వాత
అదే. పైన మాదిరే అని రెండు గీతలు.

పోయేటప్పుడు సర్వేయరు
ఒక బండ మీద అరచెయ్యి పెట్టి చూసినాడు.
ఈ నేలంతా ఒకప్పుడు సముద్రం అడుగేనంట,
రాయి పుట్టింటికి పోయిందనుకోండి అని నవ్వినాడు.
సుంకిరెడ్డి నవ్వలేదు.

చెక్కు ఖాయమని తెలిసిన సాయంత్రం
గేటు కాడ వాచ్‌మన్ కుళ్ళాయప్ప
మిగిలిన రెండు వేళ్ళ సందున బీడీ పట్టుకొని
నన్ను ఆపినాడు.
"సామీ, ఆ వాల్వు మరిచిన పిల్లోడు
బతికినాడా?"

వెనక్కి పోయి నలభై పేజీల ఫైలు తిరగేసినాను.
పెట్టెల లెక్క ఉంది. చదరపు అడుగులున్నాయి.
మునిగిన చోటు అక్షాంశం, రేఖాంశం,
మా గోడౌన్ తాళం నంబరు కూడా ఉంది.
పిల్లోడు లేడు.

"తెల్దప్పా" అన్నాను.
ఈ మాటకు స్టాంపు అక్కర్లేదు.

ఆయన కాసేపు బీడీ కొసను చూసినాడు.
"టీ తాగేకి పోయినాడంటే
పైనే ఉండుంటాడులే" అని
ఎడమచేత్తో గేటు వేసినాడు.