మూడో మెట్టు

గుత్తి హైస్కూల్లో మా ఇంగ్లీషు అయివారు
బోర్డు మీద ఒక పక్క మైండ్ అని, ఒక పక్క మనసు అని రాసి
నడుమ సమానం గుర్తు పెట్టినాడు.
ముప్పై ఏండ్లు ఆ రెండు గీతల మీదే నడిచినాను.

డండీలో దిగినంక కాలు జారింది.
బస్సు వాకిట్లో రాసుంటుంది, మైండ్ ద స్టెప్.
మెట్టుకు మనసేంది?
టీ ఒలికినా నెవర్ మైండ్, బస్సు పోయినా నెవర్ మైండ్.
పక్కింటాయన పెద్ద కత్తెర పట్టుకొని
కంచె కొమ్మలు కత్తిరిస్తాను, డూ యూ మైండ్ అన్నాడు.
ఎస్, ఎస్ అని తల ఊపినాను, మర్యాదకు.
ఆయన మారు మాటాడకుండా కత్తెర లోపల పెట్టేసినాడు.
నెల తిరిగేసరికి ఆ కొమ్మలు మా కిటికీ దాకా వచ్చి
నా మర్యాదను నాకే చూపించినాయి.

ఇప్పుడు ముసలివాళ్ళ ఇండ్లకు పోయి చూసుకునే పని.
ఇంటికి అరగంట.
అందులోనే స్నానం, మాత్రలు, ఓట్ల జావ, షీటు.
నెట్టీ గెడ్డిస్‌కు ఎనభై తొమ్మిది.
జనపనార మిల్లులో మగ్గాల మోతకు చెవులు సగం పోయినాయి.
మా అవ్వ దబ్బనంతో మూతి కుట్టిన శెనక్కాయల గోనెసంచుల సంగతి
ఆమెకు చెప్పాలని ఉంటుంది.
అరగంటలో పట్టదు.

రాత్రి మాత్ర ఏసుకున్నారా?
ఐ డిన్నా మైండ్.
ఈ ఫొటోలో టోపీ పెట్టుకున్నాయన ఎవరు?
ఐ డిన్నా మైండ్, హెన్.
(కోడిపెట్టా అని పిలిస్తే ఇక్కడ ముద్దు.)
దేనికీ అడ్డం చెప్పదు, ఎంత సర్దుకుపోయే మనిషి అనుకొని
మూడు వారాలు షీటులో రాసినాను:
సంతోషంగా ఉన్నారు. అభ్యంతరాలు లేవు.

సూపర్వైజరు మొరాగ్ ఆ కాగితాలు చదివి
నవ్వలేదు.
ఈ పక్క మైండ్ అంటే గుర్తుండడం, అనింది.
డిన్నా మైండ్ అంటే

మతికి లేదు.

మా అవ్వ మాట!
మతికుందా పాపా, ఆ యేడు వాన పట్టుకొని
కల్లంలోనే కాయలన్నీ మొలకలెత్తె?
పరీక్షలో మతికుంది అని రాస్తే
తెలుగు అయివారు ఎర్రసిరాతో కొట్టేసి
జ్ఞాపకమున్నది అని దిద్ది, అర మార్కు కోసినాడు.
కొట్టేసిన మాట ఇంత దూరం వచ్చి
ఒక రాతి మేడ రెండో అంతస్తులో
నా కోసం కూచోనుంది.

మరుసటి రోజు ఫొటో సంగతి అడగలేదు.
జావ కలిపినాను. ఉప్పు ఆమే ఏసుకుంది,
చేతికి మతికున్నంత.
పోయేటప్పుడు వాకిలి పట్టుకొని నిలబడింది.
నా పేరు లేదు, నేనెందుకొస్తానో లేదు.
మైండ్ ద స్టెప్, అనింది.
మూడోది విరిగిందంట.

వంగి చూసినాను. గట్టిగానే ఉంది,
ఎవరో ఎప్పుడో సిమెంటు పోసినారు,
ఆ సిమెంటు కూడా నున్నగా అరిగిపోయింది.

దాన్ని దాటుకొనే దిగినాను.
పైనుంచి ఆమె చూస్తా ఉంది.