ముందు సీట్లో సొరబుర్ర

గోబాబిస్ వేలంలో పదకొండు ఎడ్లను అమ్మి
మా మేనత్త వెజెంబురుకా
తెల్ల పికప్ ఒకటి కొన్నది.
తొమ్మిదేళ్ళ పాతది. వెనక తలుపు మీద పెద్ద సొట్ట.
"ఏ ఎద్దుకి మచ్చ లేదు గనక?" అంది.

ఒచినేనె ఇసకదారిలో నేర్పడం నా వంతు.
తాళంచెవి తిప్పకముందే తగువు:
మా హెరెరో ఆడవాళ్ళ తలపాగా కదా,
ఆవు కొమ్ముల్లా అటూ ఇటూ చాచుకుని,
కుడి కొమ్ము కిటికీకి గుచ్చుకుంటోంది.
"తీసి పక్కన పెట్టత్తా."
"ఆవు కొమ్ములు కొట్టంలో వదిలి మేతకి పోతుందా?"
సీటు కిందికి దించితే కాళ్ళందవు,
ముందుకి జరిపితే కొమ్ములు పట్టవు.
పావుగంట మీటలు లాగాక
తలా కాళ్ళూ ఎలాగో రాజీపడ్డాయి.

తాళం తిప్పితే దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి.
"ఒక్కొక్కటే ఆరాలి, చూడు.
బ్రేకుది, గాలిసంచిది, నూనెది. ఏదైనా ఆరకపోతే కదలకు."
"సాయంత్రం మంద లెక్కపెట్టుకోవడమే" అంది,
వేళ్ళు మడుస్తూ.

టింగ్. టింగ్. టింగ్.
"ఎవరది?"
పక్కసీట్లో పులిసిన పాల సొరబుర్ర.
ఒలుకుతాయని దాన్ని ముందు కూచోబెట్టి
నన్ను వెనక్కి తోసింది.
దాని బరువుకి బండి మనిషనుకుంది.
"బెల్టు పెట్టమంటోంది దానికి" అని నవ్వాను.
ఆమె నవ్వలేదు. బుర్ర నడుం చుట్టూ బెల్టు తిప్పి
క్లిక్కుమనిపించింది.
తన బెల్టు మాత్రం వీపు వెనకనుంచి తెచ్చి గుచ్చింది,
రవిక కుచ్చులు నలుగుతాయట.
బండి నమ్మింది.

టైర్లలో గాలి సగం తీశాం,
తడి మట్టిలో గిట్ట విచ్చుకున్నట్టు అవి పరుచుకున్నాయి.
"ఈ చిన్న లీవరు లాగితే
నాలుగు చక్రాలూ ఒకే కాడి కిందికొస్తాయి.
గట్టినేల తగలగానే విప్పెయ్యాలి, లేదంటే
లోపల పళ్ళు నూరుకుంటాయి."
కాడి అన్న మాట పూర్తికాకముందే
ఆమె చెయ్యి లీవరు మీద ఉంది.

"ఇంకొకటి. గట్టిగా బ్రేకు తొక్కితే
అరికాలి కింద పెడలు గడగడా వణుకుతుంది.
విరిగిందనుకుని కాలు తియ్యకు.
చక్రం బిగుసుకోకుండా
పట్టి వదిలి, పట్టి వదిలి..."
"పాలు పితికినట్టు."
ఆరేళ్ళుగా బళ్ళు బాగుచేస్తున్నాను,
ఈ మాట నాకు తట్టలేదు.

కంకరదారి ఎక్కాక, గేటు దగ్గర,
"ఇప్పుడు తొక్కు!" అన్నాను.
తొక్కింది.
సొరబుర్ర అంగుళం కదల్లేదు.
మా అత్త వెళ్ళి స్టీరింగు మీద పడింది.
హారను మోగింది, చాలాసేపు,
మేకలు చెట్లెక్కేటంతసేపు.

లేచి తలపాగా సర్దుకుంది.
ఒలకని పాలవైపు
సవతిని చూసినట్టు చూసింది.
తర్వాత నాకేసి తిరక్కుండానే
వీపు వెనక బెల్టు లాగి
కుచ్చుల మీదుగా, భుజం మీదుగా.

పొద్దుగూకే వేళ కుడూ వచ్చింది.
వచ్చిందని కూడా అనలేను.
దారి లేచి జింకైంది, మెలికల కొమ్ములతో.
నేను అరిచానో లేదో.
కింద గడగడ చప్పుడు,
ఆమె కాలు లేవలేదు,
స్టీరింగు కాస్త ఎడమకి, మళ్ళీ కుడికి,
దుమ్ము మమ్మల్ని దాటి ముందుకి పోయింది.

కుడూ కంచె దూకి నిలబడి
వెనక్కి చూసింది.
రెండు జతల కొమ్ములూ ఒకదాన్నొకటి కాసేపు చూసుకున్నాయి.

ఎర్ర త్రికోణం బొత్తాం నొక్కాను.
టిక్కు టిక్కు టిక్కు.
"ఇదెందుకు?"
"వెనక వచ్చేవాళ్ళకి, మనం ఆగామని."
అద్దంలో చూసింది. నలభై మైళ్ళ ఇసక.
"ఉండనీ" అంది.

హ్యాండ్‌బ్రేకు లాగింది. మొదటి గేరులో వదిలింది.
ముందు బుర్ర బెల్టు విప్పింది, తర్వాత తనది.
నాకిచ్చి తాగమంది.
నా చేతుల్లోనే కొంచెం ఒలికింది.