పొగకు తెలిసిన దారి

మా అత్త అంబరోకి సీసాలంటే నమ్మకం లేదు.
"మూత ఉన్నదేదీ మందు కాదు" అంటుంది.
ఆమె మందులకు మూతల్లేవు.
గుడారం వాసానికి వేలాడే మేకతోలు సంచిలో బోళం,
చిల్లుపడ్డ పాలడబ్బాలో నల్లజీలకర్ర,
ముసుగు అంచు ముడిలో ఎప్పుడూ
నాలుగు సాంబ్రాణి పలుకులు.
ఎండలో నడిచేటప్పుడు ఒకటి నములుతుంది,
దాహం మర్చిపోతుందట.

ఇదిల్ పుట్టినప్పుడు నాకు బోళం నూరి తాగించింది.
చేదు.
వారం రోజులు నా నాలుక నాది కాదు.
నలభై రోజులు మట్టి ధూపపాత్ర ఆరనివ్వలేదు.
పొగకు పసిది తుమ్మితే
"చూశావా, లోపలికెళ్ళింది" అని మురిసిపోయేది.

ఆ సాంబ్రాణి తెచ్చేది నా మొగుడు దిరియే.
అల్ మదో కొండల్లో ఆ చెట్టు మట్టిని అడగదు.
పాదం ఉబ్బించి రాతిని పట్టుకుని
గాలిలోకి వంగి నిలబడుతుంది.
నడుముకు తాడు చుట్టుకుని దిగి
బెరడును గోరంత చెక్కుతాడు.
రెండు వారాలాగి మళ్ళీ దిగుతాడు.
చెట్టు ఏడ్చింది అంటారు మావాళ్ళు.
దిరియే అలా అనడు.
"దాని గాయానికి అది మందు పూసుకుంటోంది.
మనం ఆ మందు ఎత్తుకొస్తున్నాం."

గోదాములో ఏరడం నా పని.
గుడ్డంతవి ఒక బుట్టలో, గింజలంతవి ఒక బుట్టలో,
దుమ్ము వేరే.
దుమ్ముకీ ధర ఉంది, నా నడుంనొప్పికి తప్ప.
ఎంత తోమినా వేళ్ళకు వాసన వదలదు.
నేను కాల్చిన రొట్టె చీకట్లో పెట్టినా
ఎవరింటిదో చెప్పేస్తారు.

పోయినేడు సరుకు కొనే మనిషి
బొటనవేలంత సీసా ఒకటి బహుమానమిచ్చాడు.
బడిపిల్లాడు చదివి చెప్పాడు దాని మీది రాత:
ఊపిరికి, నిద్రకు, ముడతలకు, బెంగకు.
ధర కూడా చెప్పాడు.
దిరియే మూడుసార్లు కొండ దిగాలి దానికి.
అత్త మూత తీసి చాలాసేపు వాసన చూసింది.
"మన చెట్టే.
ఎవరో తలంటి, కొత్తబట్టలు కట్టి పంపారు."

చలిగాలుల నెలలో ఇదిల్‌కు దగ్గు పట్టింది.
అత్త ధూపం వేసింది, ఆవిరి పట్టింది,
చివరికి ఆ సీసాలోది రెండు చుక్కలు
నువ్వులనూనెలో కలిపి రొమ్ముకు రాసింది.
మూడోరాత్రి పిల్ల ఊపిరి తీస్తుంటే
పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోతోంది.
అత్త చెవి ఆనించి విన్నది.
లేచింది.
తన చేత్తోనే ధూపపాత్ర మీద బూడిద కప్పింది.
"పొగకు గొంతు దాకే దారి తెలుసు.
ఆ అవతల ఊరు నాకు తెలీదు.
లే డేకో, బండి ఉందేమో చూడు."

తెల్లవారుజామున ఎరిగావో వెళ్ళే లారీలో
సాంబ్రాణి బస్తాల మీదే కూర్చున్నాం.
నేను ఏరినవే అవి. కింద గుచ్చుకుంటున్నాయి.
"ఏమేం వాడారు?" అడిగింది నర్సు.
అత్త ఒక్కటీ దాచలేదు,
వేళ్ళు మడుస్తూ అన్నీ చెప్పింది.
"ఊపిరి కుదుటపడేదాకా పొగ వద్దు" అంది నర్సు.
అత్త తల ఊపింది, చిన్నపిల్లలా.
సూదులు వేశారు. ముక్కుకు గొట్టం పెట్టారు.
నాలుగోనాడు ఇదిల్
ఒంటెపాలు కావాలని గొడవ చేసింది.
ఆ గొడవకు నేను ఏడ్చాను.

మందు అయిపోయిన సీసాను అత్త పారేయలేదు.
కడిగి, ఎండలో ఆరబెట్టి,
నల్లజీలకర్ర పోసి,
మూత గట్టిగా బిగించింది.
నేనేమీ అనలేదు. చూడనట్టే ఉన్నాను.

బొటనవేలంత సీసాలో
ఇంకా కొంచెం మిగిలే ఉంది.
తాడు ఒరుసుకుని వాచిన దిరియే అరచేతులకు
నూనెలో కలిపి రాత్రిళ్ళు రాస్తాను.
"చెట్టుది చెట్టుకే ఉంచు" అంటూ
కాసేపు చేతులు లాక్కుంటాడు.
తర్వాత లాక్కోడు.