సీజ్

నోటీసు ఒక్క పేజీ.
మస్తాన్‌బీ దాన్ని నాలుగు మడతలు పెట్టి
ఆధార్ కార్డు కవర్లో తెచ్చింది.
గుంటూరు కోర్టు గోడ పక్కన నా టైపు మిషను,
మిషను మీద గొడుగు.
చుట్టుగుంట వైపు నుంచి గాలి తిరిగితే
కక్షిదారులూ ప్లీడర్లూ ఒకేలా తుమ్ముతారిక్కడ.

"ఈ ఒక్క మాటకి అర్థం చెప్పు సారూ,
మిగతాది మా జానీబాషా చదివాడు."
వేలు పెట్టి చూపించింది.
యార్డులో తొడిమలు తీసే వేలు,
గోరు కింద ఎరుపు.

సీజ్.

ఇది తెలుగే కదమ్మా, అన్నాను.
బండి సీజ్ చేశారు, కొట్టు సీజ్ చేశారు,
రోజూ వినేదే.

"వినేది తెలుసు. అర్థం అడుగుతున్నా."

అట్ట ఊడిన నిఘంటువు తీశాను.
ఒకటి: బలవంతంగా పట్టుకొను.
రెండు: అవకాశమును అందిపుచ్చుకొను
(బ్రాడీపేట కోచింగు సెంటర్ల గోడల మీద
కోటు తొడిగిన కుర్రాడి కింద రాసుంటుందే, అది).
మూడు: నూనె అందక ఇంజను బిగుసుకుపోవు.

"ఆ మూడోది ముందయింది సారూ.
పోయిన ఎండల్లో, నల్లపాడు గేటు దగ్గర.
బాగుచేయించడానికి కిస్తీ డబ్బులు తీశాం.
కిస్తీ కట్టలేదని ఇప్పుడు మొదటిది."
కాసేపాగి,
"రెండోది మా ఇంటికి రాలేదు," అంది.

ఏం జవాబు చెప్పను?
లాగు, గుంజు, పెరుకు.
మన మాటలకి చేతులుంటాయి, చెమటుంటుంది.
చివర ఒక 'కొను' వచ్చి కూర్చుంటుంది:
లాక్కొను, గుంజుకొను, పెరుక్కొను.
యార్డులో మిరపకాయలు కొన్నా అదే కొను.
తూకం లేదు, ధర లేదు,
కొనడం మాత్రం అయిపోయింది.

మిషన్లో కాగితం ఎక్కించి
అలవాటు కొద్దీ కొట్టాను:
మా ట్రాలీ ఆటో సీజ్ చేయబడినది.
ముప్పై ఏళ్ళుగా నా వేళ్ళు చదివిన బడి అదే.

చదివి వినిపించగానే తల అడ్డంగా ఊపింది.
"చేయబడిందేంటి సారూ? చేశారు.
నేను అక్కడే ఉన్నా.
ఇద్దరు. ఒకడిది గళ్ళ చొక్కా.
మా ఆయన హ్యాండిల్ వదల్లేదు.
చిటికెన వేలు దగ్గర మొదలుపెట్టి
ఒక్కో వేలే విప్పారు,
అరటిపండు తొక్క తీసినట్టు."

ఆ కాగితం నలిపేశాను.
కొత్తది ఎక్కించి
లాక్కున్నా... దాకా వచ్చి ఆగాను.
ఆ 'రు' కొట్టాలా?
బండి లాక్కున్నవాళ్ళకి కూడా
మన భాష మర్యాద ఇస్తుంది.

"ఉంచు సారూ," అంది నా వేలు చూసి,
"ఇద్దరొచ్చారుగా."

ఉంచాను.

సంతకం చోట వేలిముద్ర వేసి
సిరా చీర కొంగుకి తుడుచుకుని లేచింది.
నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కొచ్చింది.
బండిలో, సీటు కింద,
టిఫిను డబ్బా ఉండిపోయిందట.
అదీ రాయమంది.
రెండు గిన్నెలది,
పై మూతకి సొట్ట.