దుంపల మడిలో రాగి

ఆలండ్ దీవుల్లో మాది చిట్టచివరిది.
మన్ను తక్కువ, రాయి ఎక్కువ.
పడవ ఇంజన్ల దగ్గర సగం చెవులు పోగొట్టుకున్న ఆల్గోట్
రిటైరయ్యాక రేడియో మొదలెట్టాడు,
వినడానికి.

ముందు కప్పు మీద తీగ కట్టాడు.
తర్వాత కేబుల్ నా ఇల్లంతా తిరిగింది:
అటకలోంచి, దుప్పట్ల అల్మరా వెనకగా,
పొయ్యికి మూరెడు ఎడంగా,
మెట్ల కింద ఊరేసిన చేపల సీసాల పక్కన.
"మూల దగ్గర మడవకు, టోర్‌బోర్గ్.
మెడ విరిచినట్టవుతుంది. గుండ్రంగా తిప్పు."
నలభై ఏళ్లలో నాతో ఇంత మెత్తగా ఎప్పుడు మాట్లాడాడు?

గోడలోకి దూరే ముందు
తీగ ఒకసారి కిందికి వేలాడాలట,
వాననీళ్లు ఆ వంకీ దగ్గరే రాలిపోవాలట.
గడపలో బూట్లు విప్పినట్టు, అన్నాను.
వినలేదు. డ్రిల్లు తిరుగుతోంది.

అసలు చిక్కు ఎర్తు దగ్గర.
రాగి కడ్డీ నిలబెట్టి సుత్తితో కొట్టాడు.
జానెడు దిగి ఠంగుమంది.
నాలుగడుగులు జరిగి కొట్టాడు. ఠంగు.
బావి దగ్గర, కట్టెల కొట్టం దగ్గర, జెండా కర్ర దగ్గర
ఠంగు, ఠంగు, ఠంగు.
పక్కింటి రూరిక్ కిటికీ తీసి
ఎవరు పోయారని అడిగాడు.

సాయంత్రం కాఫీ చల్లారుతుంటే
నా దుంపల మడి వైపు చూశాడు.
నోరు తెరిచి అడగలేదు.
అది నా మన్ను. ఓబో రేవు నుంచి బస్తాల్లో తెప్పించి
సముద్రపు నాచు కలిపి
ఏటేటా పిడికెడు పెంచిన మన్ను.

"కరెంటుకి ఒక ఎర్తు ఉందిగా?"
"ఉంది. రెండూ కలిపి కట్టాలి.
ఒకే ఇంట్లో రెండు నేలలుంటే
పిడుగు వాటి మధ్య దారి వెతుక్కుంటుంది,
మన గదుల్లోంచి."
ఇది రేడియో సంగతేనా అని అతని మొహం చూశాను.
రేడియో సంగతే.

మే నెల. ఇంకా విత్తనం వేయలేదు.
పార తెచ్చి నేనే చాళ్లు తీశాను.
విసనకర్ర పుల్లల్లా ఎనిమిది రాగి తీగలు,
వాటి మీద మన్ను, మన్నులో దుంపలు.
పిడుగుకీ దుంపకీ ఒకటే మడి.

ఆగస్టులో ఒక రాత్రి ఉరిమింది.
ఉరుము అతనికి వినపడలేదు.
మెరుపు నా మొహం మీద చూసి
లేచి వెళ్లి కేబుల్ ఊడదీశాడు.
ఆ రాత్రి కిందికి ఏం దిగిందో
తీగలకే తెలియాలి.
పొద్దున నాలుగు దుంపలు తవ్వి పొయ్యి మీద పెట్టాను.
ఎప్పటిలాగే ఉడికాయి.