ఏడో పాఠం

మొఖొట్లాంగ్‌లో మంచు.
సిగ్నల్ మందుల గది కిటికీ దగ్గరే.
దుప్పటి కప్పుకుని న్థాటిసి ఏడో పాఠం తెరిచింది.
మార్ఫిన్ చుక్కల లెక్క నిన్నే అయిపోయింది,
ఈ రాత్రి, బిడ్డ అడిగితే ఏం చెప్పాలన్నది.

"అప్పుడు మీరు..." అంటూ
తెర మీద డాక్టరమ్మ
నోరు తెరిచి అలాగే ఆగిపోయింది.

వార్డులోంచి పిలుపు.
తొమ్మిదేళ్ల త్సెలిసో.
"నేను పోయాక నా గాడిద నన్ను వెతుకుతుందా?"

పాఠం ఇంకా తిరుగుతూనే ఉంది.
స్టూలు దగ్గరికి లాక్కుంది.
"దాని పేరేంటి?"

పేరు చెప్పాడు.
ఎడమ చెవి వెనక గోకితేనే కదులుతుందని,
తమ్ముడికి ఆ సంగతి తెలీదనీ చెప్పాడు.
ఆమె రాసుకుంది, మందు చీటీ వెనక.

కిటికీ తెల్లబడేసరికి
డాక్టరమ్మ ఎప్పుడో మాట ముగించేసింది.
ఒక ఖాళీ గడి మిగిలింది:
ఈ పాఠానికి ఎంతసేపు పట్టింది?

నిమిషాల్లోనే రాయాలట.